పురిటిమెట్ట దాలమ్మ తల్లి

పూర్వం, కొండవాగు ఒడ్డున మెట్టమీది ఊళ్లో వరహాలమ్మ అనే ఇరవై రెండేళ్ల మనిషి ఉండేది. నిలబడి అన్నం తినడం ఆమె అలవాటు. ఆమె తల్లి దాలమ్మ ఆ ఊరి సర్కారు నర్సు. మొగుడు పోయేనాటికి కూతురు చంకలో ఉంది. ఆ చంటిదాన్ని ఎత్తుకునే ఉద్యోగంలో చేరి, ఒక్క గది, ఒక్క సిమెంటు బల్ల ఉన్న ఆసుపత్రిలో ఇరవై ఏళ్లపాటు ఊరందరి కాన్పులూ చేసింది. బిడ్డను అందరికంటే ముందు అందుకున్న ఆ చేతులు బారసాలనాడు మాత్రం గుమ్మం దాటకూడదు, ముండమోసిన చేతులు కనక. వీధరుగు మీదే కూర్చుని, బొడ్డు ఆరిందా అని అడిగి వచ్చేసేది.

ఒక శ్రావణంలో, అవతలి పల్లెలో కాన్పు చేసి తిరిగి వస్తూ, పొంగిన వాగులో దాలమ్మ కొట్టుకుపోయింది. బతికుండగా ఆవిడ ఎదురొస్తే పక్కకు తప్పుకున్న ఊరు, చచ్చిన నెలకల్లా దేవతను చేసింది. ఆసుపత్రి గదిలో, ఆ సిమెంటు బల్లమీదే రాయి నిలిపి, పసుపు పూసి, రూపాయంత కుంకుమ పెట్టారు. దేవతలకు వైధవ్యం లేదు కాబోలు.

మాఘంలో కొత్త నర్సు వచ్చింది. ఊరిపెద్ద గవరయ్య ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

"తల్లున్న సోట పురుడేటమ్మా? మైల కాదా?"

"ఆ తల్లి సేసిన పనే అది గదా మావా!" అంది వరహాలమ్మ. అప్పటికి ఆమెకు ఐదో నెల. మొగుడు చెన్నపట్నంలో తాపీ పనిలో ఉన్నాడు. "రాయిని బయట పెట్టుకోండి, బల్ల ఇచ్చెయ్యండి. నీ కోడలు నీళ్లాడింది దీనిమీద కాదేటి?"

"అప్పుడది ఆసుపత్రి, ఇప్పుడు గుడి. మీ యమ్మకి గుడి కడితే నీకే కడుపుమంటేటే?"

కొత్త నర్సు నాలుగు వారాలు గవరయ్య అరుగుమీద బిళ్లలు పంచి, బదిలీ చేయించుకుని పోయింది. ఆ ఎండాకాలం ఇద్దరు నిండు చూలాళ్లు పట్నం ఆసుపత్రికి పోయే తోవలో, ఆటోలోనే ప్రాణం విడిచారు. ఇద్దరూ దాలమ్మ తల్లికి మొక్కుకునే ఆటో ఎక్కారు.

జ్యేష్ఠంలో, పట్టపగలు, వరహాలమ్మకు నొప్పులొచ్చాయి. ఆమె ఆటో ఎక్కలేదు. గుడి గొళ్లెం తీసి, రాయిని నేలకు దించి, ఆ బల్ల ఎక్కింది. కేకలు విని వచ్చిన ఆడవాళ్లంతా, దాలమ్మ చేతిలో పుట్టినవాళ్లూ, ఆవిడ చేతిలో కన్నవాళ్లూ, గడప బయటే నిలబడి లెంపలు వేసుకున్నారు. బొడ్డు తనే కోసుకుంది. ఆడపిల్ల. బిడ్డ ఏడవలేదు, ఊపిరే తీయలేదు.

గవరయ్య పదకొండు రోజులు మైలపట్టి తలుపు మూయించాడు. పన్నెండోనాడు బల్లను పసుపునీళ్లతో కడిగించి, రాయిని మళ్లీ ఎక్కించాడు.

నేటికీ ఏటా జ్యేష్ఠంలో ఆ గుడి తలుపు పదకొండు రోజులు మూసే ఉంటుంది. అమ్మవారికి పురుడొచ్చిందని భక్తులు చెప్పుకుంటారు, అందుకే అది పురిటిమెట్ట అయిందంటారు. పన్నెండోనాడు పిల్లలు లేనివాళ్లు వచ్చి, బల్ల కడిగిన నీళ్లు సీసాల్లో పట్టుకెళతారు. ఊరికి ఈనాటికీ నర్సు లేదు.

వరహాలమ్మ మళ్లీ కనలేదు.