ఏనుగుగుండె పండు, ఏడు సముద్రాల అవతల

ఎప్పుడో, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, మణిగిరి అనే రాజ్యానికి భద్రసేనుడని ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు ప్రచండుడు, కత్తి తిప్పేవాడు. రెండోవాడు ఉద్దండుడు, గుర్రం తోలేవాడు. మూడోవాడు కేదారుడు. వాడు అమ్మ కొంగు పట్టుకుని వంటింటి పెరట్లో తిరిగేవాడు.

"ఒరే, యుద్ధానికొస్తే కత్తి తెచ్చుకుంటావా, గరిటె తెచ్చుకుంటావా?" అనేవాళ్ళు అన్నలు.

"గరిటే తెస్తా అన్నయ్యా. మీకు ఆకలేస్తుందిగా" అనేవాడు కేదారుడు.

ఆ పెరట్లో రాణి కమలినీదేవి రామములగ మొక్కలు పెంచేది. రామములగ అంటే మన టమాటానే. కానీ బజార్లో దొరికే బంతుల్లాంటివి కావవి. ఏనుగుగుండె అని పాతకాలం రకం. ఒక్కో పండు రెండు గుప్పెళ్ళంత. ఒకటి వంకర, ఒకటి సొట్ట, ఒకదానికి ముక్కు కూడా ఉండేది. గింజ తక్కువ, గుజ్జు ఎక్కువ. రాణి అమ్మమ్మకి అమ్మమ్మ దాచిన విత్తనం అది. ఆ పళ్ళు నూనెలో మగ్గబెట్టి, మెంతులూ ఇంగువా వేయించి రోట్లో నూరితే, మూడు వీధుల అవతలి వాళ్ళు కూడా కంచాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు.

ఒకరోజు ధూమ్రకేశుడనే మాంత్రికుడు సన్యాసి వేషంలో భిక్షకొచ్చాడు. రాణి పచ్చడన్నం పెట్టింది. ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకి వేషం మర్చిపోయాడు.

"ఈ మొక్కలు నావి. ఈ విత్తనాలు నావి. నూరే చెయ్యి కూడా నాదే" అని సుడిగాలై లేచి, మొక్కల్నీ, విత్తనాల్నీ, రాణినీ ఎత్తుకుని ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు.

రాజు మంచం పట్టాడు. ప్రచండుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఉద్దండుడు గుర్రమెక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. కేదారుడికి భయమేసింది. కత్తి తీసి, మళ్ళీ గోడకి తగిలించేశాడు. అయినా అక్కడున్నది అమ్మ. గరిటె నడుముకి దోపుకుని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక తుమ్మెద నీళ్ళలో పడి కొట్టుకుంటోంది. గరిటెతో పైకి తీశాడు. "నీ వెంటే ఉంటా, ఏదో ఒక పనికొస్తా" అని తుమ్మెద వాడి తలపాగా మీద కూర్చుంది. ఇంకాస్త దూరంలో ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడుంది. గరిటె దాని కిందికి దూర్చి, ఎత్తి తిరగేశాడు.

"ఎక్కడికి నాయనా?" అంది తాబేలు.

"ఏడు సముద్రాల అవతలికి."

"మా అత్తగారి ఊరు అటే. ఎక్కు."

ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, నెయ్యి సముద్రం దాటారు. పెరుగు సముద్రంలో కేదారుడికి ఇల్లు గుర్తొచ్చింది. అలా ఏడూ దాటి దీవి చేరారు.

దీవి నిండా తోటే. తోట మీద ఈగ కూడా దూరకుండా మాయవల. లోపల ఏనుగుగుండె మొక్కలు ఏపుగా పెరిగి విరగబూశాయి. ఒక్క కాయ లేదు. మొక్కలకి పాతిన కర్రల్లో ఒకదానికి ప్రచండుడి మీసాలున్నాయి, ఇంకోదానికి ఉద్దండుడి తలపాగా ఉంది.

రాణి పాదుల దగ్గర కూర్చుని ఉంది. కాయ ఎందుకు పడట్లేదో ఆవిడకి తెలుసు. కావాలనే చెప్పలేదు. కొడుకుని చూసి, ఎవరో అన్నట్టు తల తిప్పుకుంది.

"అయ్యా, నేను తోటపని చేస్తాను. కాయిస్తే ఈ రాణినీ, ఈ రెండు కర్రల్నీ ఇస్తారా?" అన్నాడు కేదారుడు, అప్పుడే అటొచ్చిన ధూమ్రకేశుడితో.

"మూడు పనులు" అన్నాడు ధూమ్రకేశుడు. "కాయించాలి. పచ్చడి నూరాలి. మళ్ళీ ఏటికి మంచి విత్తనం తీసివ్వాలి. ఒక్కటి తప్పినా నువ్వు మూడో కర్రవి."

మొదటి పనికి కేదారుడు వలలో గరిటె కాడతో చిన్న చిల్లు పెట్టాడు. తుమ్మెద లోపలికి దూరింది. పువ్వు పువ్వునీ పట్టుకుని ఝుమ్మని ఊపింది. ఊపితేనే పుప్పొడి రాలుతుంది మరి. మాయతోట కదా, మూడు రోజుల్లో కొమ్మలు వంగేంత కాసి, ఎర్రగా పండాయి.

రెండో పనికి పచ్చడి నూరుతుంటే, పక్కనే వేలాడుతున్న పంజరంలోంచి ఒక చిలక పిలిచింది.

"వంటబ్బాయ్, నాకో ముక్క పెట్టవా? పదేళ్ళుగా ఎండు గింజలే."

కేదారుడు అన్నిటికంటే పెద్ద పండు కోసి పెట్టాడు. చిలక ముక్కు ఎర్రగా చేసుకుని తింది.

"విను. నేను చిలకని కాను, మూడో దీవి రాజు కూతుర్ని, మరకతవల్లిని. వీడు తన ప్రాణాన్ని గింజంత చేసి నా గొంతులో దాచాడు. ఒక్కదాన్నే ఉమ్మితే చప్పున తెలిసిపోతుంది, ఏరుకుని మింగేస్తాడు."

"మరి పండు గింజలతో కలిపి ఉమ్మితే?"

చిలక మెడ వంచి వాడిని చూసింది. "గరిటె ఒక్కటే అనుకున్నా. బుర్ర కూడా తెచ్చుకున్నావే."

పచ్చడి పళ్ళ గింజలు తీసిపెట్టిన కుండలోకి అన్నీ కలిపి తుపుక్కున ఉమ్మేసింది.

ధూమ్రకేశుడు పచ్చడి తిని, కంచం నాకి, "ఇక విత్తనం" అన్నాడు.

"గుజ్జుతో సహా కుండలో మూడు రోజులు నానాలి" అన్నాడు కేదారుడు.

మొదటి రోజు కుండ పులిసింది. రెండో రోజు తెల్లటి తెట్టు కట్టింది. మూడో రోజు గట్టి గింజలన్నీ అడుక్కి దిగాయి. తెట్టుతో పాటు నాలుగు తాలు గింజలు పైన తేలాయి. వాటి మధ్య ఒక గింజ నల్లగా మెరుస్తోంది. మాంత్రికుడి ప్రాణం. ఎన్ని రాజ్యాలు మింగినా లోపలంతా బోలు.

"పైన తేలినవి తాలు. అవి వంచి పారబోస్తే అడుగున మిగిలేదే మంచి విత్తనం" అంటూ కేదారుడు కుండెత్తాడు. పట్టు సరిగ్గా కుదర్లేదు. కుండ కదిలి నల్ల గింజ మునగబోయింది. రాణి లేచి రెండడుగులు ముందుకొచ్చింది.

"కుండ వంచడం కూడా రాని తోటమాలివా? ఇటివ్వు" అని ధూమ్రకేశుడు లాక్కున్నాడు. "మంచివొక్కటీ పోకూడదు" అంటూ, జాగ్రత్తగా, నెమ్మదిగా, తెట్టంతా పక్కనున్న ఎండ బండ మీదికి తన చేత్తోనే వంపాడు.

బండ కాలిపోతోంది. నల్ల గింజ చిటుక్కుమంది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు ధూమ్రకేశుడు. అంతే. గడ్డం పొగైంది, పొట్ట పొగైంది, కాళ్ళు పొగయ్యాయి. మెల్లగా జారిన కుండని రాణి కొంగులో పట్టుకుంది.

కర్రలు రెండూ అన్నలై లేచాయి. పంజరం విరిగి, ముక్కుకి పండు గుజ్జంటుకున్న రాజకుమారి బయటికొచ్చింది.

"తమ్ముడూ, తినడానికేమైనా ఉందా?" అన్నాడు ప్రచండుడు.

కేదారుడు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నవ్వాడో ఏడ్చాడో వాడికే తెలీదు. "భయపడ్డావా చిన్నోడా?" అంది రాణి. "చాలా" అన్నాడు. "నేనూను" అంది.

తాబేలెక్కి అందరూ మణిగిరి చేరగానే రాజు మంచం దిగాడు. కేదారుడికీ మరకతవల్లికీ పెళ్ళయింది. విందులో పచ్చడి మూడుసార్లు అయిపోయింది, మూడుసార్లూ పెళ్ళికూతురే నూరింది, మధ్యలో మాట్లాడ్డం మాత్రం ఆపలేదు. పదేళ్ళు పంజరంలో ఉంది మరి. వాళ్ళు అరవై ఏళ్ళు రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్ళలో మణిగిరిలో కాపు కాయని పెరడు లేదు, కారం తగలని నాలిక లేదు.

కథ అయిపోయింది. వేళ్ళు నాకింది చాలు, లేచి చేతులు కడుక్కోండి.