ధరల గోడ మీద ఎనభై వరహాలు

పిల్లలూ, కథకు ముందు ఒక ప్రశ్న. మీ కళ్లు ఒకటి చెప్పి, గోడ మీది రాత ఇంకొకటి చెబితే, మీరు దేన్ని నమ్ముతారు? తొందరపడి చెప్పకండి. కథ అయ్యాక అడుగుతాను.

అనగా అనగా, మన లెక్కకు అందనన్ని ఏళ్ల కిందట, మణిగిరి అని ఒక పట్నం. ఆ పట్నంలో ఇల్లు అమ్మినా కొన్నా చెవిలో చెప్పుకునేవారు. ధర మూడో మనిషికి తెలిసేది కాదు. గడుసువాడు తక్కువకు కొనేవాడు, అమాయకుడు ఎక్కువ పోసి ఏడ్చేవాడు.

రాజు విజయకేతుడు ఇది చూసి నొచ్చుకున్నాడు. కోట వాకిలి పక్కన పొడవైన గోడ కట్టించి సున్నం కొట్టించాడు. ఏ ఇల్లు చేతులు మారినా, ఏ వీధి, ఎన్ని గదులు, ఎన్ని వరహాలు అన్నది జేగురుతో ఆ గోడ మీద రాయాలన్నాడు. జనం దానికి ధరల గోడ అని పేరు పెట్టారు. మంచి పనే కదా? మంచి పనే. ఈ కథలో చెడ్డవాళ్లు లేరు, గుర్తుంచుకోండి. నా దిగులంతా అదే.

గోడ మీద రాసే కరణం పేరు వల్లభుడు. చేతిరాత చూస్తే కళ్లకు అద్దుకోవాలనిపించేది. ఒక్క కాసు లంచం ముట్టేవాడు కాదు. అతనికి ఉన్నవి రెండే అలవాట్లు. ఇల్లు అమ్మినవాళ్లు ధర రాసి తెచ్చి ఇచ్చిన తాటాకును వెంటనే గోడకు ఎక్కించడు, బుట్టలో వేస్తాడు. పది ఆకులు పోగయ్యాక ఒకేసారి జేగురు కలుపుతాడు. ఒక్క ఆకు కోసం కలిపితే మిగిలింది ఎండిపోతుందని అతని బాధ. ఇక రెండో అలవాటు, ఇల్లు అమ్మిన నెల కాక జేగురు కలిపిన నెల పేరు రాస్తాడు.

ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి. శ్రావణంలో ఏటి వీధిలో మూడు ఇళ్లు అమ్ముడుపోయాయి. ఒక్కొక్కటి ఎనభై వరహాలు. ఏరు వాకిట్లోనే పారేది కాబట్టి ఆ ధర. కార్తీకంలో పెద్ద వరద వచ్చింది. వరద తీశాక చూస్తే ఏరు దారి మార్చుకుని అరకోసు దూరం జరిగిపోయింది. మాఘంలో బుట్టలోకి పదో ఆకు వచ్చింది. వల్లభుడు జేగురు కలిపి రాశాడు. ఏటి వీధి, రెండు గదులు, ఎనభై వరహాలు, మాఘ మాసం. శ్రావణం ధర మాఘం ధర అయి కూర్చుంది.

ఆ ఊళ్లో గవరమ్మ అని బట్టలకు రంగులద్దే మనిషి ఉండేది. ఇరవై ఏళ్లు అద్దె పాకలో ఉండి, కావిడితో నీళ్లు మోసి, ఎనభై వరహాలు కూడబెట్టింది. పారే నీళ్లలో బట్ట జాడించుకునే సొంత ఇల్లు ఒకటి ఉంటే చాలు అనేది. చైత్రంలో ధరల గోడ చూసింది. సరిగ్గా ఎనభై.

వెళ్లి ఇల్లు చూసింది. వీధిలో సగం తలుపులకు తాళాలు. ఏటి జాడలో ఇసుక. ఇల్లు అమ్మే మల్లప్ప వేరే పేటలో ఉంటాడు. చనిపోయిన అన్న ఇల్లు అది. అతను దాచలేదు. "ఏరు కాస్త జరిగిందమ్మా. వానలకు తిరిగొస్తుంది అంటున్నారు. నాకూ తెలీదు. గోడ మాత్రం ఎనభై అంటోంది" అన్నాడు.

గవరమ్మ ఆలోచించింది. నీళ్లు రాకపోయేటట్టయితే మొన్న మాఘంలో ముగ్గురు ఎనభై పోసి ఎందుకు కొంటారు? వాళ్లకు తెలియదా? తన కళ్లను పక్కన పెట్టి గోడను నమ్మింది. మూట విప్పి ఇచ్చేసింది.

వానలు వచ్చాయి. ఏరు రాలేదు.

పక్కింట్లో దిగిన సిద్ధవ్వ మేకలు కాసుకునే ముసలిది. గవరమ్మ అరకోసు నుంచి నీళ్లు మోసుకొస్తుంటే చూసి, "నీకేం పోయేకాలం వచ్చింది తల్లీ, ఎనభై పోశావు? నీకంటే నెల ముందు, ఫాల్గుణంలో, నేను ఇరవైకి కొన్నాను. మేకలకు ఏరెందుకు?" అంది.

గవరమ్మ మొదటిసారి కరణం దగ్గరికి వెళ్లింది. వల్లభుడు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. బుట్ట దించి చూపించాడు. అడుగున సిద్ధవ్వ ఆకు, ఇరవై వరహాలు. దాని మీద గవరమ్మ ఆకు, ఎనభై. మొత్తం తొమ్మిది ఆకులు. ఇంకొక్కటి వస్తే రాసేస్తానన్నాడు. ఆమె బతిమాలింది. అతను ఖాళీ జేగురు ముంత బోర్లించి చూపించాడు.

భాద్రపదంలో పదో ఆకు వచ్చింది. గవరమ్మ పరుగున వెళ్లి చూసింది. గోడ మీద తన ఎనభై ఉంది. దాని పైన సిద్ధవ్వ ఇల్లూ ఎనభై అనే ఉంది.

రెండోసారి కరణం గడప ఎక్కింది. వల్లభుడు ఓపిగ్గా వివరించాడు. ఏటి వీధిలో ముందు మూడు ఇళ్లూ ఎనభై. తరువాత నువ్వు కొన్నదీ ఎనభై. మధ్యలో ఈ ఇరవై ఏమిటి, ఎవరో తప్పు రాసి ఉంటారని నేనే దిద్దాను అన్నాడు.

"నీ ఆకే సాక్ష్యం గవరమ్మా" అన్నాడు.

చూశారా పిల్లలూ. ఆమె ఏ అబద్ధంతో మోసపోయిందో, ఆ అబద్ధానికి ఆమె డబ్బే సాక్ష్యం అయింది. రాసింది మార్చాలంటే రాజముద్ర కావాలన్నాడు కరణం.

ఆ వారంలోనే ఆమె గుమ్మంలోకి ఎల్లయ్య అని చాపలల్లే మనిషి వచ్చాడు. తుంగ నానబెట్టుకోవడానికి ఏటి పక్క ఇల్లు కావాలట. ఎద్దులను, బండిని అమ్మి ఎనభై వరహాల పైచిలుకు తెచ్చాడు. ఎనభైకి ఇల్లు ఇస్తావా అని అడిగాడు.

గవరమ్మ ఒక్క మాట మింగేసి ఉంటే, ఇరవై ఏళ్ల కష్టం తిరిగి ఒళ్లో పడేది.  అయినా ఆమె అతన్ని ఇసుకలోకి తీసుకెళ్లి చూపించింది.

"నాయనా, ఇది ఇరవైకి మించి చెయ్యదు. గోడ తప్పు" అంది.

ఎల్లయ్య నవ్వాడు. "ఎక్కువ కావాలంటే అడుగు అత్తా, ఇల్లు అమ్మేవాళ్లు ఇల్లును తిట్టుకోవడం ఎక్కడా చూడలేదు. ఎనభై అయిదు ఇస్తాను."

ఆమె ఎంత చెప్పినా చెవికెక్కలేదు. రంగులద్దే మనిషివి, నీళ్ల సంగతి తెలిసినదానివి, నువ్వే ఎనభై పోసి కొన్నావు, గోడా అదే చెబుతోంది కదా అన్నాడు. పక్కింటికి వెళ్లి సిద్ధవ్వ ఇల్లు ఎనభై అయిదుకు కొన్నాడు. సిద్ధవ్వ మేకలను తోలుకుని పోతూ గవరమ్మ దగ్గర ఆగింది. "నిజం నువ్వు చెబితేనే నమ్మలేదు. ఇక నేనేం చెప్పను?" అని వెళ్లిపోయింది.

మూడోసారి గవరమ్మ రాజు దగ్గరికే వెళ్లింది. దర్శనం దొరకడానికి రెండు నెలలు పట్టింది. విజయకేతుడు అంతా విని, సింహాసనం దిగి, గోడ దాకా నడిచి వచ్చాడు. ఇకపై ఏ రోజు ఆకు ఆ రోజే రాయాలి, ఇల్లు అమ్మిన నాటి నెల పేరే వేయాలి, కరణం తన ఊహతో ఒక్క అంకె కూడా దిద్దకూడదు అని ఆజ్ఞ ఇచ్చాడు. సిద్ధవ్వ ఇరవైని ఇరవైగా రాయించాడు. వల్లభుడు తల దించుకుని రాశాడు. 

గవరమ్మ చేతులు జోడించి, నా ఎనభై మాటేమిటి ప్రభూ అని అడిగింది.

రాజు గోడ మీద ఆమె ఎనభై దగ్గర వేలు పెట్టాడు. "నువ్వు ఇచ్చావు, మల్లప్ప పుచ్చుకున్నాడు. నీ ఆకులో తప్పు లేదమ్మా. నిజాన్ని నేనెట్లా చెరపను?" అన్నాడు.

అలా తప్పు రాత పోయింది. ఆ తప్పును నమ్మి ఆమె ఇచ్చిన ధర మాత్రం నిజమై గోడ మీద మిగిలిపోయింది. దాని కింద ఎల్లయ్య ఎనభై అయిదు కూడా నిజమే.

ఆ సాయంత్రం ఎల్లయ్య ఎండిన తుంగ కట్ట పక్కన పెట్టుకుని ఆమె అరుగు మీద కూర్చున్నాడు. "నువ్వు చెప్పావత్తా" అన్నాడు. "చెప్పాను నాయనా" అంది. 

ఆ తరువాత ప్రతి సంతరోజూ గవరమ్మ ధరల గోడ దగ్గర నిలబడేది. ఎవరైనా ఆ ఎనభై మీద వేలు పెట్టి చదివితే, అది పోసింది నేనేనమ్మా, ముందు వెళ్లి ఏరు చూసి రండి అనేది. కొందరు విన్నారు. ఎక్కువమంది పిచ్చిదనుకుని గోడనే చదువుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, దేన్ని నమ్ముతారు? కళ్లనే అంటారని తెలుసు. గవరమ్మ కూడా అలాగే అనేది, ఆ చైత్రం దాకా. ఇదే నీతి: పదిమంది నమ్మే చోట నిజాన్ని ఆలస్యంగా రాసినవాడు, అబద్ధం రాసినవాడు చేసినంత చెరుపూ చేస్తాడు, దాన్ని ఆ తరువాత ఎంత దిద్దినా మునిగినవాళ్లు తేలరు.

ఇక నన్ను లేవనివ్వండి. పచ్చడి జాడీలకు చీటీలు సగమే కట్టాను. ఏది నిరుటిదో, ఏది ఈ ఏటిదో ఇవాళే రాసెయ్యాలి.