హారతికి ముందే లేచిన పైడితల్లి

ఇరవై ఏడేళ్ల పైడితల్లికి ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా ‘ఏటీ లేదు’ అనడం అలవాటు. బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో పిండిమర నడిపేది. బెల్టు తగిలి చెయ్యి చెక్కుకుపోయిన రోజు కూడా అదే మాట అంది. “మా కోడలు బంగారం, నోరెత్తదు” అని అత్త అప్పలనరసమ్మ ఊరంతా చెప్పుకునేది. ఆడది నోరు మూసుకుంటే బంగారం అనడం మనకు మామూలే.

తొమ్మిదో నెల పడగానే సీమంతం పెట్టారు. పీట మీద కూర్చున్న చూలాలు హారతి అయ్యేదాకా లేవకూడదని ఆ ఇంటి ఆచారం. మధ్యలో లేవాల్సి వస్తుందని పైడితల్లి పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగలేదు.

గాజులు తొడుగుతుండగా పొట్ట రాయిలా బిగుసుకుంది. కాసేపటికి వదిలింది. మళ్లీ బిగుసుకుంది. ఈసారి నడుములోంచి నొప్పి లాక్కొచ్చింది.

“ఏటే, మొకం అలా పెట్టావు?” అంది ఆడపడుచు గౌరి.

“ఏటీ లేదు” అని పైడితల్లి నవ్వింది. ముత్తైదువలు ఆ నవ్వును మెచ్చుకున్నారు. నొప్పులు మాత్రం దగ్గరపడ్డాయి. నెల ముందే కాన్పయితే బిడ్డ బతుకుతుందా? తన నొప్పికి తను నోరు మూసుకోగలదు. కడుపులో బిడ్డ తరఫున మూసుకునే హక్కు తనకెక్కడిది?

పైడితల్లి లేచి నిలబడింది. ఒళ్లో పళ్లు దొర్లిపోయాయి.

“అత్తా, నాకు నొప్పులొస్తున్నాయి. ఆటో పిలువు.”

“ఓలమ్మో, హారతి కాకుండా లెగిసిపోయిందేటి! కూకో. ఇయి ఉత్తుత్తి నొప్పులే. మాకు రాలేదేటి?”

“ఉత్తివైతే డాక్టరమ్మ చెప్తాది, తిరిగొచ్చి కూకుంటాను. నిజమైతే నీ హారతి నొప్పుల్ని ఆపుతాదేటి?”

అత్త గౌరిని ఆటో కోసం పంపింది. కోడలి మాట నెగ్గడం ఆ ఇంట్లో కొత్త. ఆటో రాగానే ముందుగా ఎక్కింది కూడా అత్తే.

“నీళ్లు తాగక ఒళ్లు ఎండి నొప్పులొచ్చాయమ్మా. వెంటనే వచ్చి మంచిపని చేశావు. ఇంకా ఆగుంటే ఇవాళే కనేదానివి” అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. ఎడమపక్కకు పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, మందిచ్చింది. సాయంత్రానికి పొట్ట మెత్తబడింది.

“చూశారా మా కోడల్ని! హారతి పళ్లెం పక్కకి నెట్టి మరీ లెగిసింది” అని అప్పలనరసమ్మ పక్కమంచం వాళ్లకు గొప్పగా చెప్పింది. పళ్లెం ఎవరూ నెట్టలేదు. అయినా పైడితల్లి కాదనలేదు.

నెలలు నిండాక ఆమె ఆడపిల్లను కన్నది. వార్డంతా వినేలా అరిచి మరీ కన్నది.

ఒంట్లో నొప్పిని ఉన్నప్పుడే, ఉన్నదున్నట్టు, పైకి చెప్పాలి. అది ఎంత పెద్ద వేడుక మధ్యలోనైనా సరే.