చూసి వెళ్ళినవాళ్ళు

మాణిక్యాంబ గారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆ పూటే జవాబు రాదు. “ఊరనీ అమ్మా” అంటారు, అదేదో ఆవకాయ జాడీ అయినట్టు. ఎన్నాళ్ళు ఊరాలో, మూత ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. ఒక్కోసారి అడిగినవాళ్ళే అడిగిన సంగతి మరిచిపోతారు. ఆవిడ మరిచిపోరు. తునిలో రైలు గేటు అవతల ఆవిడ ఇంటి వసారాలో మధ్యాహ్నాలు పురాణ కాలక్షేపం జరుగుతుంది. వచ్చేవాళ్ళందరూ చాకిరీ చాలించి కాస్త కూర్చోవడానికి తీరిక దొరికిన ఆడవాళ్ళు. ఆవిడని గురువుగారూ అని ఎవరూ పిలవరు. అమ్మా అంటారు, అంతే.

ఒకనాడు పురాణం ముగిశాక కనకవల్లి అడిగింది: “అమ్మా, నేను ఎవర్నీ మరిచిపోలేదు. అందర్నీ రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా ఎవరూ లేనట్టే ఉంటుంది. ఎందుకంటారు?”

ఆవిడ చూస్తున్నానన్నది ఫోన్‌లో. కనకవల్లి పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరై, తమ్ముడి ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న వాటాలో ఉంటోంది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేకపోయింది. అది కళ్ళారా చూసిన నాటి నుంచి కనకవల్లికి ఆ భయం పట్టుకుంది. ఎవరి పేరైనా నాలిక చివర ఆగిపోతే చాలు, అది దొరికేదాకా ఇంకో పని ముట్టుకునేది కాదు. అందుకని పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఫోన్ పెట్టుకుని, తెలిసినవాళ్ళు పెట్టిన స్టేటస్‌లన్నీ వరసగా చూస్తుంది. స్టేటస్ అంటే ఒక్క రోజు ఉండి మాయమైపోయే ఫోటోనో, రెండు మాటలో. ఎవరెవరు చూశారో పెట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఎవరి మనవరాలికి బారసాల అయింది, ఎవరు కాశీ వెళ్ళారు, ఎవరింట్లో కొత్త సోఫా దిగింది, అన్నీ చూసి, ఈ పూటకి అందరూ గుర్తున్నారు అనుకుని ఫోన్ పక్కన పెడుతుంది.

“ఎవరూ లేకపోవడమేంటండీ!” అని సత్యవేణి నవ్వింది. “ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర వండారో మీకు తెలిసినట్టు వాళ్ళ మొగుళ్ళకి కూడా తెలీదు.”

వసారా అంతా నవ్వింది. మాణిక్యాంబ గారు నవ్వలేదు. “అందరికంటే దగ్గరివాళ్ళు ఎవరమ్మా?” అని అడిగారు.

“మా వరహాలు అమ్మా. పిఠాపురంలో ఉంటుంది. ఎక్స్ఛేంజిలో నా పక్క కుర్చీ దానిది. ఒక బాక్సులో అన్నం తిన్నవాళ్ళం. అది రోజూ ఏదో ఒకటి పెడుతుంది, నేను రోజూ చూస్తాను. ఒక్క రోజు తప్పలేదు.”

“బాగుందా ఆవిడ?”

“బాగుండబట్టే కదమ్మా పెడుతోంది.”

మాణిక్యాంబ గారు ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశారు. “ఊరనీ” అన్నారు.

మర్నాడు పొద్దున్న కనకవల్లి పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ ఉంటే గేటు చప్పుడైంది. చూస్తే మాణిక్యాంబ గారు. పిలవకుండా ఆవిడ ఒకరి గడప తొక్కడం ఎవరూ ఎరగరు. కనకవల్లి గోరుచిక్కుళ్ళు ఒళ్ళోంచి జారిపోయినా చూసుకోకుండా లేచి, కుర్చీ దులిపి వేసి, “రండమ్మా, నా అదృష్టం, కూర్చోండి, కాఫీ కలుపుతాను” అంటూ కంగారుపడిపోయింది. ఆవిడ కూర్చోలేదు. గోడ మీది ఫోటోలు వరసగా చూశారు. దేవుడి గూడు చూశారు. వంటింట్లోకి తొంగి చూసి, పొయ్యి మీద ఏముందో కనుక్కుని, బాగుంది అన్నట్టు తల ఊపారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఒక్క మాట మాట్లాడలేదు.

పక్క వాటాలోంచి ఇదంతా చూసిన తమ్ముడి భార్య గౌరి ముక్కు మీద వేలేసుకుంది. “అదేం చోద్యం వదినా? చావింటికి వచ్చినట్టు, వెళ్ళొస్తానని కూడా అనకుండా పోయారు?”

చావు జరిగిన ఇంటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పరు కదా. ఆ ఇంటికి అలాంటి పని మీద మళ్ళీ రాకూడదని, మాటా పలుకూ లేకుండా లేచి వచ్చేస్తారు. గౌరి ఆ మాట అనేసి తన పనిలో తను పడింది గానీ, కనకవల్లికి అది ముల్లులా దిగిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చారు. అలాగే చూశారు, అలాగే వెళ్ళిపోయారు. కనకవల్లి వెనకాలే వెళ్ళి, “అమ్మా, ఏమైనా పొరపాటు చేశానా?” అని అడిగితే ఆవిడ వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వి ముందుకు సాగారు. ఆ మధ్యాహ్నం పురాణానికి వెళ్తే మామూలుగానే, “రా అమ్మా, ఎండన పడి వచ్చావు” అని మంచినీళ్ళు ఇప్పించారు. ఇంటికి వస్తే మాత్రం మాట లేదు. కనకవల్లికి ఏమీ బోధపడలేదు.

ఆ మరుసటి పొద్దున్న కత్తిపీట మీద అరటికాయ తరుగుతూ, ఈవేళ కూడా వస్తారేమోనని గేటు వైపు చూస్తూ, వేలు కోసుకుంది. లోతుగానే తెగింది. పాత చీర పీలిక కట్టుకుంటే అదీ ఎర్రగా తడిసిపోయింది. అంతలో మాణిక్యాంబ గారు వచ్చారు. ఆ వేలు చూశారు. అయ్యో అన్నట్టు మొహం పెట్టారు. రెండు చేతులూ జోడించి ఒక దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగారు.

కనకవల్లి ఇక ఊరుకోలేదు. పరుగున వెళ్ళి గేటుకి అడ్డం నిలబడింది. గురువు, పెద్దావిడ అన్న సంగతి కూడా మరిచిపోయింది.

“అమ్మా, నా తప్పేదైనా ఉంటే మొహం మీదే అనండి. రోజూ వస్తారు, చూస్తారు, పోతారు. నేనేమన్నా బొమ్మల కొలువులో బొమ్మనా? వేలు తెగి నెత్తురు కారుతుంటే ఎలా తెగిందే అని ఒక్క మాట అడగలేరా? నేను బతికే ఉన్నానమ్మా!”

“కోపమెందుకమ్మా? వస్తూనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. ఒక్క రోజు తప్పలేదు” అన్నారు మాణిక్యాంబ గారు. పక్కకి తప్పుకుని గేటు దాటారు. దాటాక ఆగి, “వెళ్ళొస్తానమ్మా” అన్నారు.

కనకవల్లి గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ మాటలు ఎక్కడివో ఆవిడకి తెలియక కాదు. మూడొంతులు కోపం, ఒక వంతు సిగ్గు. కాసేపటికి అది తిరగబడింది. లోపలికి వెళ్ళి ఫోన్ తీసింది. వరహాలు పేరు కోసం వెతికింది. పేరు ఉంది గానీ, దాని మీద కొత్తది ఏమీ లేదు. నిన్న ఉందా? మొన్న ఉందా? ఎప్పట్నుంచి లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒక్క రోజు తప్పలేదని నలుగురిలో చెప్పుకున్న మనిషి, పక్క కుర్చీ మనిషి ఎప్పుడు ఆగిపోయిందో గమనించనే లేదు.

చివరిగా చూసింది మాత్రం గుర్తొచ్చింది. ఎక్స్ఛేంజిలో దిగిన పాత ఫోటో. చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని నలుగురు ఆడపిల్లలు. కింద వరహాలు రాసింది: “కుడివైపు చివరామె ఎవరో చెప్పుకోండి చూద్దాం.” ఆ చివరామె కనకవల్లే. నన్నే ఎవరో అంటోంది చూడు, కొంటెముండ, అని కనకవల్లి కాఫీ తాగుతూ నవ్వుకుంది. మర్నాడూ అదే ఫోటో వచ్చింది. తర్వాత మళ్ళీ, మళ్ళీ. దీనికి వేరే ఫోటోలే లేవా అని కూడా అనుకుంది. అనుకుని, వేలితో పక్కకి జరిపింది.

ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. కట్టు కట్టిన వేలితోనే చీర మార్చుకుని, మధ్యాహ్నం పాసింజరు ఎక్కి పిఠాపురంలో దిగింది.

తలుపు తీసింది వరహాలు మేనకోడలు నూకరత్నం. ఆవిడే ఇప్పుడు ఆ ఇంట్లో ఉండి మేనత్తని చూసుకుంటోంది. పేరు చెప్పగానే ఆవిడ తలుపు బార్లా తీసింది. “కనకం గారంటే మీరేనా?” అంది.

“వరహాలు ఎలా ఉంది?”

“ఉందండీ. మీరు రండి.” లోపలికి నడుస్తూనే గొంతు తగ్గించి చెప్పింది: “ఏడాది బట్టీ మరుపండీ. మొదట్లో తనకే తెలిసేది, మరిచిపోతున్నానని. ఆ ఫోటో పట్టుకుని ఎవరే ఈ చివర పిల్ల, నాకు బాగా కావలసింది, పేరు రావట్లేదు అని ఒకటే గోల. నాకేం తెలుసు, అప్పటికి నేను పుట్టలేదు. ఎవరికైనా ఫోన్ చేసి అడగనా అంటే, నాకు మతి పోయిందని ఊరంతా చాటుతావా అని నా మీదికొచ్చింది. చివరికి తనే అంది, ఆటలాగా అడుగుతానే, ఎవరికీ అనుమానం రాదు, ఎవరో ఒకరు చెప్పేస్తారు అని.”

కనకవల్లి నడక ఆగిపోయింది.

“ఎవరూ చెప్పలేదండీ. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళు పెట్టారు, దణ్ణాలు పెట్టినవాళ్ళు పెట్టారు. పొద్దుటే ఫోన్ నా చేతికిచ్చి, ఎవరెవరు చూశారో చదవమనేది. మీ పేరు రోజూ ఉండేది. ఆ పేరు మీద వేలు పెట్టి, ఈ కనకం చెబుతుంది చూడు, ఇది చెప్పకుండా ఉండదు అనేది. ఈ కనకం ఎవరు అత్తా అంటే అదీ చెప్పలేకపోయేది. ఆ పేరు ఒక పక్క, ఆ మొహం ఒక పక్క.” నూకరత్నం చెంగుతో మొహం తుడుచుకుంది. “ఫోన్ పట్టుకోవడం మానేసి చాలా రోజులైందండీ.”

వరహాలు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తల శుభ్రంగా దువ్వి, జడ అల్లి ఉంది. కనకవల్లిని చూసి మర్యాదగా సర్దుకుని కూర్చుంది.

“రండి, కూర్చోండి. ఎవరింటికొచ్చారు?” అంది.

జీవితంలో ఒసే అని తప్ప పిలవని మనిషి.

“నేనేనే వరహాలూ, కనకాన్ని.”

వరహాలు కళ్ళు ఒక్కసారి మెరిశాయి. ఆ మెరుపు చూసి కనకవల్లి మంచం పట్టె మీదికి వంగింది. కానీ వరహాలు ఆవిడని దాటి గుమ్మం వైపు చూస్తోంది.

“కనకమా? రోజూ వస్తుందండీ” అంది. “వచ్చి చూసి పోతుంది. మాట మాత్రం ఆడదు. దానికి నా మీద ఏం కోపమో తెలీదు.”

కనకవల్లి ఆ ఫోటో తెప్పించింది. చివర పిల్ల మీద వేలు పెట్టి, తన మొహం పక్కన ఆనించి, “ఇది కనకం. ఇది నేను. చూడవే” అని చెప్పింది. మళ్ళీ చెప్పింది. వరహాలు ఫోటోనీ చూసింది, మనిషినీ చూసింది. చాలాసేపు చూసింది. చివరికి, “చక్కగా ఉందండీ ఈ పిల్ల” అని ఫోటో తిరిగి ఇచ్చేసింది. కనకవల్లి కట్టు కట్టిన వేలు కంటబడితే ఆ చెయ్యి పట్టుకుని, “ఎలా తెగిందమ్మా? పసుపు పెట్టారా?” అని అడిగింది. ఆ చెయ్యి వదలడానికి కనకవల్లికి మనసు రాలేదు. సాయంత్రం బండికి లేచి, “వెళ్ళొస్తానే” అంటే, వరహాలు “మంచిదండీ” అంది.

మర్నాడు పురాణం ముగిసి అందరూ వెళ్ళిపోయినా కనకవల్లి వసారాలో కూర్చునే ఉంది. మాణిక్యాంబ గారు చాప చుడుతున్నారు. జరిగిందంతా కనకవల్లి ఏమీ దాచకుండా చెప్పింది. చెబుతూ ఏడ్చింది. అన్నీ చెప్పేశాక, ఇంకా లోపల ఏదో నలుగుతున్నట్టు తల ఎత్తింది.

“ఒక కంచంలో తిన్నామమ్మా. ఎంత జబ్బైతే మాత్రం, నన్ను ఎలా మరిచిపోగలిగిందమ్మా అది?”

మాణిక్యాంబ గారు చాప గోడకి ఆనించారు. కనకవల్లి పక్కన వచ్చి కూర్చుని, తెగిన వేలు ఉన్న చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నారు.

“ఆవిడంటే జబ్బు చేసి మరిచిపోయిందమ్మా” అన్నారు.