ఈయన నీకేమవుతాడు?

పరదేశి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు, ఏదో ఒక పని పురమాయించేవారు. హైస్కూల్లో తెలుగు చెప్పిన రోజుల్లోనూ అంతే. రిటైరై నాగావళి ఒడ్డున పెంకుటింట్లో స్థిరపడి, పెద్దవాళ్ళమైన మేము కూడా మా చిక్కులు మోసుకుని ఆయన దగ్గరకు వెళ్ళే రోజుల్లోనూ అంతే. కోపం అణచుకోవడం ఎలాగని అడిగిన ఒక తాసీల్దారు చేత తన ఇంటి దూలానికి పట్టిన చెదలు దులిపించారు. ఆ తాసీల్దారు కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు గాని, ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేదు.

లోకనాథం ఆయన దగ్గర చదువుకున్నవాడే. మా వైపు కోర్టులో చిన్న వకీలుగా ఉంటూ పార్లమెంటు సభ్యుడయ్యాడు. మొదటిసారి నిలబడ్డప్పుడు అతని దగ్గర ఉన్నదల్లా ఎవరో అరువిచ్చిన జీపు, ఒక మైకు సెట్టు. ఏ ఊరు వెళితే ఆ ఊరివాళ్ళు అన్నం పెట్టారు, డీజిలుకు తలా కొంత వేసుకున్నారు, గెలిచాడు. ఒకప్పుడు ఎన్నికలంటే అలాగే చవగ్గా జరిగేవి. విజయనగరంలో మేము బి.ఏ. చదివేటప్పుడు కాలేజీ యూనియన్ ఎన్నికకు మహా ఖర్చు మైదాపిండి. దానితో జిగురు కాచి గోడలకు కాగితాలు అంటించేవాళ్ళం. ఓడిపోయినవాడి గదిలో మిగిలిన పిండితో మర్నాడు గెలిచినవాడితో సహా అందరం పూరీలు చేసుకు తినేవాళ్ళం. సరే, ఆ సంగతి అలా ఉంచుదాం. లోకనాథం ఢిల్లీ వెళ్ళి, హిందీ రాకపోయినా, ఇంగ్లీషు కాస్త తడబడినా, లేచి నిలబడి అడగవలసినవి అడిగేవాడు. జీడిపిక్కల ధర గురించి అడిగాడు. రైల్వే గేటు దగ్గర పోయిన ప్రాణాల గురించి అడిగాడు. అతని గొంతు రేడియోలో వస్తే మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి.

రెండో ఎన్నిక నాటికి కాలం మారింది. ఎదుటివాడు ఊరూరా డబ్బు వెదజల్లుతున్నాడు. ఏం చేయాలో తోచని సమయంలో, కొండ మీద గ్రానైటు క్వారీలున్న వైకుంఠరావు వచ్చి, "మీరు తిరగండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకున్నాడు కూడా. లోకనాథం మళ్ళీ గెలిచాడు. ఆ తరువాత కొండ దిగువ ఊళ్ళవాళ్ళు అతని దగ్గరకు రావడం మొదలుపెట్టారు. క్వారీ దుమ్ము జీడితోటల మీద పడి పూత నిలవడం లేదు, పిల్లలకు దగ్గు తగ్గడం లేదు. విన్నాడు. ప్రశ్న తయారు చేసుకున్నాడు. ఆ కాగితం కోటు జేబులో పెట్టుకుని సమావేశాల తరువాత సమావేశాలకు వెళ్ళి వచ్చాడు. అడగలేదు.

మూడో ఎన్నిక దగ్గర పడుతున్న మాఘమాసంలో ఒక ఉదయం అతను మాస్టారి దగ్గరకు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, ఆయన ఎదురుగా నేల మీదనే చతికిలబడ్డాడు.

"మాస్టారూ, రెండుసార్లు గెలిచాను. మొదటిసారి నోరు బాగానే లేచేది. ఇప్పుడు లేవబోతే గొంతుకేదో అడ్డం పడుతోంది. ఎవరూ నన్ను మాట్లాడవద్దనలేదు. వైకుంఠరావు గారు ఒక్కనాడు కూడా ఇది చేయి, అది మానెయ్యి అని చెప్పలేదు. మరి నాకెందుకిలా అవుతోంది? మళ్ళీ ఆయన పెట్టుబడి పెడతానంటున్నాడు. కాదంటే నాకు పోటీ చేసే శక్తి లేదు. ఏం చేయమంటారు?"

మాస్టారు గోడ మీది క్యాలెండరు వంక చూశారు. "ఆదివారం మన పాత విద్యార్థుల భోజనాలున్నాయి కదా. నీ ఎన్నికకు ఇవ్వదలచినవాళ్ళందరినీ అక్కడికే రమ్మను. మీ గవరయ్య బాబాయిని కూడా వెంటబెట్టుకు రా" అన్నారు.

"బాబాయి ఎందుకు మాస్టారూ?"

"చదివింపులు చదవాలిగా."

ఇక్కడ గవరయ్య గురించి కొంచెం చెప్పాలి. లోకనాథానికి స్వయానా పినతండ్రి. పదెకరాల ఆసామి, మైకంటే పిచ్చి. మా చుట్టుపక్కల ఏ పెళ్ళయినా భోజనాల వేళకు పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని, ఎవరు ఎంత చదివించారో ఊరంతా వినేలా ప్రకటించేది ఆయనే. చదివింపులంటే మనవాళ్ళకు కానుక ఒక్కటే కాదు గదా, ఇచ్చినవాడు ఏ హోదాలో ఇచ్చాడో నలుగురికీ తెలియాలి. "పెళ్ళికూతురి మేనమామ గారు", "పెళ్ళికొడుకు పెద్దన్న గారి వియ్యంకుడు" అని ముందు బంధుత్వం పలికితే గాని గవరయ్య నోట అంకె వెలువడేది కాదు. ఒకసారి ఒక పెళ్ళిలో ఎవరికీ తెలియని మనిషి, బహుశా భోజనం కోసమే వచ్చినవాడు, మొహమాటానికి పళ్ళెంలో కొంత వేశాడు. గవరయ్య తంతు మొత్తం ఆపేశాడు. ఇరు పక్షాలవాళ్ళనూ పిలిచి విచారించి, చివరకు ఆ మనిషి వంటవాడి పొరుగువాడని తేల్చి, "వంటాయన పొరుగు" అని గౌరవంగా చదివిన తరువాతే మిగతావాళ్ళను రానిచ్చాడు. అంతసేపూ పెళ్ళికొడుకు తలంబ్రాల పసుపు ముక్కుకెక్కి తుమ్ముతూ కూర్చున్నాడు.

ఆదివారం మాస్టారి పెరట్లో పందిరి వేశారు. పాత విద్యార్థులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, కొండ దిగువ ఊళ్ళనుంచి కొందరు వచ్చారు. గవరయ్య కొత్త పంచె కట్టుకుని, మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. లోకనాథాన్ని పక్కన కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకులాగే ఉన్నాడు పాపం, తల వంచుకుని. మొదట ఇద్దరు ముగ్గురు పాత సహాధ్యాయులు ఇచ్చారు. "క్లాస్‌మేటు, లెక్కల్లో కాపీ కొట్టించిన వరుస" అని గవరయ్య చదివితే అందరూ నవ్వారు. అంతలో వైకుంఠరావు కారు దిగాడు. చేతిలో తోలు సంచి. నేరుగా లోకనాథం దగ్గరకు వచ్చి, వంగి, ఆ సంచి అతని కాళ్ళ దగ్గర పెట్టబోయాడు.

"అక్కడ కాదు బాబూ, ఇక్కడ" అన్నాడు గవరయ్య మైకులోనే. చేయి చాచి సంచి అందుకున్నాడు. బరువుకు చేయి కాస్త కిందికి జారింది. "గట్టి మనిషే. పేరు తెలుసు, వైకుంఠరావు గారు. ఏమవుతారని చదవను?"

వైకుంఠరావు నవ్వాడు. "ఇది చదివే రకం కాదండీ. పక్కన పెట్టండి."

"చదవనిది నేను ముట్టుకోను. ఏమవుతారు?"

"హితుణ్ణి అని చదవండి."

"హితుడంటే ఎటు వైపు? అబ్బాయి వైపా, అమ్మాయి వైపా?"

"బాబాయ్, ఇక్కడ పెళ్ళి లేదు" అన్నాడు లోకనాథం మెల్లగా.

"పెళ్ళి లేకపోతే చదివింపులెందుకు పెట్టార్రా? పెట్టిన తరువాత పద్ధతి పద్ధతే." గవరయ్య సంచిని ఒళ్ళో పెట్టుకుని వైకుంఠరావు వంక చూశాడు. ఆయన వాచీ చూసుకున్నాడు. "సరే, ఆయన చెప్పడం లేదు. నువ్వు చెప్పరా లోకం. ఈయన నీకేమవుతాడు?"

మైకు అతని వైపు తిరిగింది. వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. గవరయ్య ఎవరినీ ఇరికించాలని అడగలేదు, ఆ మనిషికి అంత ఆలోచన లేదు. ఎన్ని పెళ్ళిళ్ళలో అడిగాడో అలాగే అడిగాడు. లోకనాథం మాస్టారి వంక చూశాడు. మాస్టారు విస్తరిలో చారు పారిపోకుండా అన్నంతో గట్టు కట్టుకుంటున్నారు.

లోకనాథం లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"కిందటి ఎన్నికలో నా ఖర్చంతా ఈయనే పెట్టుకున్నాడు బాబాయ్. ఆ తరువాత కొండ దుమ్ము గురించి నేను పార్లమెంటులో ఒక ప్రశ్న అడగవలసి ఉంది. అడగలేదు. అడగవద్దని ఈయన అనలేదు. నాకై నేనే అడగలేదు. ఇలాంటివాణ్ణి ఏమని పిలుస్తారో నాకు తెలియదు."

గవరయ్య కాసేపు నిజంగానే ఆలోచించాడు. మేనమామలనూ, వియ్యంకులనూ, తోడల్లుళ్ళనూ అందరినీ మనసులో తడిమి చూసి ఉంటాడు. "అలాంటి చుట్టరికం మన వైపు లేదురా" అన్నాడు చివరికి, సంచి వెనక్కి ఇస్తూ.

వైకుంఠరావు ముఖం ఎర్రబడింది. "భోజనానికని పిలిచి ఇదేం మర్యాద మాస్టారూ?"

"మర్యాదకేం తక్కువ? కూర్చోండి. అన్నానికి చుట్టరికం అడగం" అన్నారు మాస్టారు, తన పక్కన విస్తరి వేయిస్తూ.

వైకుంఠరావు వెళ్ళిపోతాడనుకున్నాం. ఏమనుకున్నాడో, కూర్చున్నాడు. సంచి తొడ పక్కన పెట్టుకుని పప్పూ అన్నం కలుపుకుని తిన్నాడు. గుమ్మడికాయ పులుసు మారు వడ్డించుకున్నాడు కూడా. అది ఆ రోజు చాలా బాగా కుదిరింది లెండి. చేయి కడుక్కుని వెళ్ళేముందు లోకనాథం దగ్గర ఆగాడు.

"గెలవాలని లేదా నీకు?"

"ఉందండీ. చాలా ఉంది."

"ఈ పందిట్లో వచ్చేది నీ జెండా కర్రలకు కూడా చాలదు."

"తెలుసండీ."

ఆయన కారు వెళ్ళిపోయింది. లోకనాథం పాలిపోయి ఉన్నాడు. రెండుసార్లు గెలిచిన మనిషి, మూడోసారి నామినేషన్ వేయగలడో లేదో తెలియని స్థితిలో అందరి ముందూ కూర్చుని ఉన్నాడు. అప్పుడు కొండ దిగువ ఊరి నీలమ్మ లేచింది. జీడితోట ఉన్న ముసలామె. కొంగు ముడి విప్పి నలిగిన నోటు పళ్ళెంలో వేసింది.

"ఏమవుతావమ్మా?" అన్నాడు గవరయ్య.

"ఏటవుతాను? కాగితం అట్టుకుని ఈ బాబు ఇంటి సుట్టూ తిరిగి తిరిగి ఇసిగిపోనాను. అలిగిన అత్తనని సదువు."

"అలిగిన అత్త నీలమ్మ గారు" అని గవరయ్య గంభీరంగా చదివాడు. నవ్వులు లేచాయి. ఆమె మాత్రం నవ్వలేదు. "ఊరికే ఇవ్వట్నేదు బాబూ. దుమ్ము సంగతి అడగాల. అదీ సదువు" అంది. అదీ చదివాడు. ఆ తరువాత జనం కదిలారు. ఒక లారీ డ్రైవరు రైల్వే గేటు దగ్గర వంతెన కావాలని చెప్పి చదివించాడు. ఒక టీచరమ్మ, "నేను ఓటు వేసింది ఎదుటివాడికి, అయినా నా దగ్గర తీసుకుంటారా?" అని అడిగితే, గవరయ్య "ఎదుటి పక్షం వారు" అని మిగతావాళ్ళకన్నా గట్టిగా చదివాడు. పెళ్ళిళ్ళలో ఆయనకు అదే అలవాటు, వియ్యాలవారి పేరు ఎప్పుడూ గొంతు పెంచి చదివేవాడు. ఇచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి ఆశించే ఇచ్చారు. చదివింపులు తిరిగి చెల్లించవలసినవేనని ఎవరికి తెలియదు? అయితే ఎవరేం ఆశించారో పందిరంతా విన్నది.

పళ్ళెంలో పోగయింది పెద్ద మొత్తమేమీ కాదు. వైకుంఠరావు చెప్పింది అబద్ధం కాదు. కాని లోకనాథం మైకు అడిగి తీసుకుని, వచ్చే వారం మొదలయ్యే చివరి సమావేశాల్లో ఆ మాట ఎత్తుతానని చెప్పాడు. ప్రశ్నకు నోటీసు ఇచ్చే గడువు దాటిపోయింది గనక, అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌లో అడుగుతానన్నాడు. అన్నట్టే అడిగాడు. మేమంతా టీవీ ముందు కూర్చుని చూశాం. స్పీకరు గంట కొడుతూనే ఉన్నారు, చుట్టూ ఎవరో ఏదో విషయం మీద కేకలు వేస్తూనే ఉన్నారు. అతని ఇంగ్లీషు ఎప్పటిలాగే తడబడింది. కొండ పేరు, ఊళ్ళ పేర్లు, జీడిపూత, పిల్లల దగ్గు, అన్నీ చెప్పేదాకా కూర్చోలేదు. మంత్రి గారు విచారిస్తామన్నారు. మంత్రులు అలాగే అంటారు. అయినా పది రోజులు తిరగకుండా కొలత పరికరాలతో మనుషులు కొండకు వచ్చారు. లోకనాథం నామినేషన్ వేశాడు. అరువు జీపు ఒకటి దొరికింది. గవరయ్య మైకు ఎలాగూ ఉంది.

ప్రచారం మొదలయ్యే ముందు రోజు అతను మళ్ళీ మాస్టారి దగ్గరకు వచ్చాడు. ముఖం తేటగా ఉంది గాని, కళ్ళలో కొత్త సందేహం కనిపించింది.

"మాస్టారూ, వైకుంఠరావు గారు ఫోను చేశారు. ఈసారి సంచి కాదు, చెక్కు ఇస్తానంటున్నారు. అందరి ముందూ గవరయ్య బాబాయి చేతనే చదివించమంటున్నారు. ఏమని చదవాలో కూడా ఆయనే చెప్పారు. 'మీ తోటల మీద దుమ్ము పోసేవాణ్ణి, నీళ్ళు చల్లించి దుమ్ము అణిచే యంత్రాలు పెడతాను, నా లీజు పొడిగించమని మాట సాయం చేయాలి' అని చదవాలట. దాచకుండా చెబుతున్నారు. ఇప్పుడు తీసుకోవచ్చునా?"

మాస్టారు అరుగు దిగి చెప్పులు వేసుకున్నారు. "అది నన్ను అడిగితే ఎలా నాయనా?" అన్నారు. "పందిట్లో విన్నవాళ్ళను అడుగు."