చిల్లుల బల్ల

రాజుగారికి సింహాసనం చేస్తున్న వడ్రంగి పొన్నాచారి పనిబల్ల నిండా చిల్లులే. వాటిలో కొయ్యమేకులు దిగ్గొట్టి, ఆనుచెక్కల్ని బిగించి, వాటి మధ్య పలకను పెట్టి చిత్రిక పట్టేవాడు.

కోట అధికారి భుజంగరాయుడు చూసి మండిపడ్డాడు. "సింహాసనం చిల్లుల బల్ల మీదా? అన్నీ పూడ్చెయ్! నువ్వూ నేనూ తప్ప ఈ పలకల్ని ఎవరూ ముట్టుకోకూడదు. పున్నమికి పని అవకపోతే కొరడా దెబ్బలే!"

పొన్నాచారి చిల్లులన్నీ పూడ్చేశాడు. చిత్రిక తొయ్యగానే పలక జారిపోయింది.

"దొరా, నా రెండు చేతులూ చిత్రికకే సరి. పలకను ఇక తమరే పట్టుకోవాలి."

మధ్యాహ్నం రాజుగారు వచ్చేసరికి అధికారి ఒళ్లంతా చెక్కపొట్టుతో పలక మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఇదేమిటి?"

"నలభై చిల్లుల పని వీరొక్కరే చేస్తున్నారు ప్రభూ!"

రాజుగారు పగలబడి నవ్వారు. పలకను వదలకుండానే భుజంగరాయుడు అరిచాడు: "ఆచారీ, ముందా చిల్లులు తెరువయ్యా!"