పేరయ్య కండువాకి ఆకుపచ్చ గాజు

అనగనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు రాణీ లేదు, పేరయ్య అనే రైతూ, ఆయన కోడలు అచ్చియ్యమ్మా ఉండేవాళ్ళర్రా. ఊఁ కొట్టండి మరి! గోడకి చెబుతున్నానా?

పేరయ్యకి ఒకటే పిచ్చి. ఊరందరి వరి కంటే తన వరి నల్లగా నిగనిగలాడాలి. పక్కచేలో ఒక యూరియా బస్తా విప్పితే ఈయన రెండు విప్పేవాడు. చేను అడిగిందా? అడగలేదు. మరేమైంది? యూరియా ఎక్కువైతే ఆకు మెత్తన, ఆకు మెత్తనైతే రసం పీల్చే దోమ వాలె, దోమ వాలితే దుబ్బు ఎండె, దుబ్బు ఎండితే గింజ తాలు, గింజ తాలైతే గాదె ఖాళీ! ఆ ఏడు ఇంటిల్లిపాదీ గంజి తాగారు. గాదె అడుగు చీపురుతో ఊడుస్తుంటే అచ్చియ్యమ్మకి ఏడుపొచ్చింది పాపం. మళ్ళీ ఇలాగే అయితే పిల్లలకి ఏం పెట్టను అని బెంగ.

మరుసటేడు మామగారిని బతిమాలి బామాలి సగం చేను తన చేతికి తీసుకుంది. ఆవిడకి లేతాకుపచ్చ గాజులుండేవి. వారానికోసారి చేలో దిగి, ఆకు పక్కన గాజు పెట్టి చూసేది. ఆకు గాజు కంటే వెలిసిపోయిందా, చేనుకి ఆకలేసిందన్నమాట, కాస్త యూరియా చల్లేది. లేదా, ఊరుకునేది.

నీ కోడలి చేనుకి కామెర్లొచ్చాయని ఊరంతా నవ్వింది. పేరయ్యకి తల కొట్టేసినట్టయి, బస్తా కోసం ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. అచ్చియ్యమ్మ ఆ బస్తా మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది! లెమ్మన్నాడు. ఆకు లెమ్మంటే లేస్తాను మామయ్యా అంది. ఆకు తుంచుకొచ్చి గాజు పక్కన పెట్టి చూశారు. ఆకే ముదురు. ఆవిడ లేవలేదు. ఊఁ కొడుతున్నారా, గురక పెడుతున్నారా?

కంకి బరువెక్కే వేళకి గాలీవానా వచ్చింది. యూరియా ఎక్కువై కాడ మెత్తబడ్డ మామగారి సగం, పక్కాయన చేనూ చాపలా నేలకి పడుకున్నాయి. కోడలి సగం నిలబడింది. ఆ సగంతోనే గాదె నిండింది. పిల్లలకి కొత్తన్నం పెడుతూ అచ్చియ్యమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

పై ఏడు పేరయ్య ఆ గాజు చేతికెక్కక, కండువా కొసకి ముడేసుకుని చేలోకి బయల్దేరాడు. ఏం పేరయ్యా, గాజులు తొడుక్కున్నావా అని పక్కచేనాయన పకపకా నవ్వాడు. అవునోయ్, నా గాదె నిండింది, నీదో? అన్నాడీయన మీసం తిప్పుతూ. సాయంత్రానికి ఆ నవ్వినాయనే, గాజు ఒక్కసారి ఇస్తావా అమ్మా అంటూ అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

చేనుకైనా పిల్లలకైనా ఆకలేస్తేనే పెట్టాలర్రా, పక్కవాళ్ళని చూసి కుక్కకూడదు. ఏంట్రా ఆ నవ్వు? నేను కుక్కుతానా? నాది నెయ్యిరా వెధవా, యూరియా కాదు!

గాజు గూట్లోకి, కథ కంచిలోకి, మీరు దుప్పట్లోకి. పడుకోండిక!